సగం గీసిన గడ్డం

బస్సుల్లో రెండు సీట్లకూ కలిపి ఒకే కిటికీ అద్దం పెట్టినవాడు ఎవడో గానీ, జన్మలో బస్సెక్కి ఉండడు. ముందు సీటాయనకు గాలి కావాలంటే అద్దాన్ని వెనక్కి తోస్తాడు. మన కిటికీ మూసుకుపోతుంది. మనకు గాలి కావాలంటే ముందుకు తోస్తాం. అప్పుడాయన వెనక్కి తిరిగి, మనమేదో వాళ్ళింట్లో చెప్పకుండా దూరినట్టు చూస్తాడు. ఇద్దరూ మర్యాదస్తులైతే అద్దం సరిగ్గా మధ్యలో ఆగుతుంది. అప్పుడు గాలి ఇద్దరి చెవుల్లోకీ తప్ప ఇంకెక్కడికీ రాదు.

ఈ అద్దం మీద కవిగారు పన్నెండేళ్ళ కిందట ఒక వ్యాసం కూడా రాశారు. 'మనిషికీ మనిషికీ మధ్య జరుగుతూ ఉండే సరిహద్దు' అని అందులో ఓ మాట ఉంది. చాలామంది దానికింద పెన్సిలుతో గీత గీసుకున్నారు. నిజానికి ఆ అద్దంతో కవిగారికి ఎన్నడూ పేచీ లేదు. బస్సు స్టాండు దాటేసరికే ఆయన నిద్రపోతారు. అద్దం కోసం పోట్లాడేది ఆవిడ.

ఆవిడంటే కవిగారి భార్య.

కవిగారికి ప్రయాణం పడదు. చక్రం నాలుగుసార్లు తిరిగేలోపు కడుపు అయిదుసార్లు తిరుగుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. అలాంటి మనిషి యాత్రా రచయిత ఎలా అయ్యారంటే, మనలో చాలామంది ఇప్పుడున్న పనిలోకి ఎలా వచ్చామో అలాగే. పొరపాటున మొదలుపెట్టారు, మానేస్తే బాగుండదని కొనసాగించారు. నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆఫీసు పని మీద ఓ కొండ ఊరికి వెళ్ళొచ్చి, వారపత్రికకు రెండు పేజీలు రాసి పంపారు. ఎడిటరు వేసుకుని, ఇంకోటి రాయండి అన్నాడు. ఆ మాటను కాదనగలిగిన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

అప్పట్నుంచీ పద్ధతి ఒకటే. బస్సో రైలో ఎక్కగానే కవిగారు మాత్ర వేసుకుని కళ్ళు మూసుకుంటారు. చూసేవాళ్ళకు అది ధ్యానంలా ఉంటుంది, గురక మొదలయ్యేదాకా. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంటుంది. దిగాక టీకొట్టు దగ్గర కవిగారు జేబులోంచి నోటుపుస్తకం తీసి "ఊఁ, చెప్పు" అంటారు. ఆవిడ చెబుతుంది, ఆయన రాసుకుంటారు. ఇంటికెళ్ళాక దాంట్లో కాస్త ఆకాశం, కాస్త ఏకాంతం కలుపుతారు. ఆదివారం అచ్చవుతుంది. 'నేను చూశాను' అని మొదలవుతుంది.

ఇలా ఇరవై రెండేళ్ళు గడిచాయి.

సిగ్గనిపించలేదా అంటే, అనిపించేది. కానీ దాన్ని మడతపెట్టి దాచుకోవడానికి ఆయనకు ఓ అర ఉంది. సంసారంలో పని పంచుకోమా, ఇదీ అంతే, చూడ్డం ఆవిడ వంతు, రాయడం నా వంతు, కళ్ళు ఎవరివైతేనేం గుండె నాదేగా అనుకునేవారు. ఈ ఆఖరి మాట కూడా ఎక్కడో ఓ ముందుమాటలో వాడేశారు.

ఆయన రాసిన అన్నిట్లోకీ పేరొచ్చింది 'మూడు నిమిషాలు' అనే ముక్క. చిన్న స్టేషన్లో రైలు మూడు నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం చివర స్టూలు మీద ఓ ముసలాయన, పక్కన బార్బరు. రైలొస్తే నేల అదురుతుంది కాబట్టి బార్బరు కత్తి పైకెత్తి పట్టుకుని ఆగిపోతాడు. ముసలాయన సగం మొహం గీయించుకుని, సగం మొహం నురగతో, ఇంటికి చుట్టాలొచ్చినట్టు లేచి నిలబడి, ఒక్కో కిటికీకీ తలూపి పలకరిస్తాడు. రైలు కదిలాక మళ్ళీ కూర్చుంటాడు. అంతే కథ. దాన్ని ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో పెట్టారు. గీసిన సగం గతం, గీయని సగం భవిష్యత్తు అని ఓ విమర్శకుడు రాశాడు. కాదు, తిరగేసి చదవాలి అని ఇంకో విమర్శకుడు రాశాడు. ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

ఆ ముక్క ఉన్న కవిగారి యాత్రల పుస్తకం రెండో ముద్రణకు సిద్ధమైందని తెలిసి, నాలుగు గంటల దూరంలో ఉన్న ఓ ఊరి గ్రంథాలయం వాళ్ళు కవిగారికి సన్మానం పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి సభ. కవిగారు మామూలుగానే నిద్రలో వెళ్ళి దిగారు.

గ్రంథాలయం మెట్ల దగ్గరే కార్యదర్శి ఎదురొచ్చి, పక్కనున్న ఒకామెను పరిచయం చేశాడు. ఆమె బళ్ళో భూగోళం టీచరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో కవిగారి పుస్తకం, దాంట్లో పేజీకొకటి చొప్పున పాత రైలు టిక్కెట్లు గుర్తులుగా పెట్టి ఉన్నాయి. కవిగారికి టీ, బిస్కెట్లు ఇచ్చి, టీచరు తన సంగతి చెప్పింది. వాళ్ళ నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందట. ఆదివారం ఆదివారం ఆమే గడ్డం గీసేదట. మొదట్లో ఆయన సిగ్గుతో గోడవైపు తిరిగి కూర్చునేవాడట, కూతురి చేత గడ్డం గీయించుకుంటున్నందుకు. ఓ రోజు గీస్తూ గీస్తూ 'మూడు నిమిషాలు' చదివి వినిపించింది. ఆ తర్వాత నుంచీ కుర్చీ గుమ్మంవైపు తిప్పమన్నాడట. మెట్లమీద ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా సగం నురగతో లేవబోయి తలూపేవాడట.

"కరెంటు మీటరు చూసే ఆయన కూడా తిరిగి నమస్కారం పెట్టేవాడు సార్," అంది టీచరు. "పోయిన ఏడాది నాన్న పోయారు. అప్పట్నుంచీ సెలవు దొరికినప్పుడల్లా మీరు రాసిన ఆ రైలు లైన్లో ఒక్కో స్టేషన్లో దిగి చూస్తున్నా. పదకొండు స్టేషన్లు. బార్బరు ఉండకపోవచ్చు, నాకు తెలుసు. ఆ స్టూలు వేసిన చోటు చూస్తే చాలు. ఏ స్టేషను సార్ అది?"

కవిగారి నోట్లో బిస్కెట్టు ఉంది. బిస్కెట్టు మనిషిని ఇంతగా ఆదుకుంటుందని ఆయనకు అంతవరకు తెలియదు. నోరు చూపించి, చెయ్యి ఊపి, నమిలి, మింగి, నీళ్ళు తాగి, సభ అయ్యాక చెబుతానమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకోవాలి అన్నారు.

గ్రంథాలయంలో పాత పేపర్లు కట్టలు కట్టి పెట్టిన గదిలో ఆవిడ బెంచీ మీద కూర్చుని, తెగిన సంచి పట్టీకి పిన్నీసు పెడుతోంది. కవిగారు తలుపు దగ్గరగా వేశారు.

"పాఠంలో ముసలాయన ఉన్నాడే, గడ్డం ఆయన. అది ఏ స్టేషను?"

"ఏ స్టేషనూ కాదండీ."

"అంటే?"

"ఆ రోజు నేనూ నిద్రపోయా."

కవిగారు ఎదురుగా ఉన్న పేపర్ల కట్ట మీద కూర్చున్నారు. అది కూర్చోవడానికి పెట్టింది కాదు. కాస్త కుంగింది.

ఆవిడ తాపీగా చెప్పుకొచ్చింది. అంతకుముందు రోజు కవిగారి చెల్లెలు ఇల్లు మారింది. అన్నయ్య వస్తాడని చెల్లెలు, వదిన వస్తుందని అన్నయ్య అనుకోవడంతో సామానంతా వదినే సర్దింది. మర్నాడు రైలెక్కగానే కళ్ళు వాలిపోయాయి. దిగాక ఈయన నోటుపుస్తకం తీసి "ఊఁ, చెప్పు" అన్నారు.

"నిద్రపోయానని చెప్పొచ్చుగా."

"చెబితే ఏమవుతుందో నాకు తెలీదా? పత్రికకు ఏం పంపాలి అని రెండు రోజులు మొహం గంటు పెట్టుకుని తిరుగుతారు. అందుకని మా నాన్న సంగతే చెప్పా."

"మీ నాన్నా?"

"మా నాన్నేగా. గడ్డం గీయించుకుంటుంటే ఎవరొచ్చినా అట్లా లేచేవాడు. రైలు ఒక్కటే నేను కలిపింది." ఆవిడ పిన్నీసు నొక్కి, పట్టీ లాగి చూసుకుంది. "మీరు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడూ లేచాడు కదండీ. వసారాలో. ఒక చెంప నిండా నురగ. మీరు చూడలేదా?"

కవిగారు జ్ఞాపకం చేసుకోవడానికి చాలా ప్రయత్నం చేశారు. ఆ రోజు ఆయన మాత్ర వేసుకోలేదు. నడిచే వెళ్ళారు. రెండు వీధులవతల ఇల్లు. కళ్ళు బార్లా తెరుచుకునే ఉన్నాయి. వసారా గుర్తుంది. అక్కడ నిలబడి తను మనసులో ఓ పద్యం అల్లుకుంటూ ఉండడం గుర్తుంది. ఆ పద్యం నాలుగు పాదాలూ గుర్తున్నాయి. మామగారి చెంప మాత్రం గుర్తు లేదు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి ఇట్లాంటివి?" అని అడిగారు చివరికి.

"లెక్కపెట్టలేదు. సీటు కింద సంచి చూసుకోవాలి, మీ తల ముందు సీటుకు కొట్టుకోకుండా చూసుకోవాలి, మధ్యలో కిటికీ కూడా చూడమంటే ఎన్నని చూస్తాను?"

"సముద్రం?"

"సముద్రం ఉంది."

కవిగారికి కాస్త ఊపిరి ఆడింది.

"ఒడ్డున గొడుగుతో మాట్లాడే ఆవిడ?"

"ఆవిడ లేదండీ."

బయట కార్యదర్శి గంట కొట్టాడు.

సభలో ముందుగా కార్యదర్శి 'మూడు నిమిషాలు' చదివి వినిపించాడు. రెండో ముద్రణ ప్రూఫు తెప్పించుకుని మరీ చదివాడు. ఈసారి ప్రచురణకర్త కొత్త ఎడిటరును పెట్టాడు. ఆ ఎడిటరు 'అనంతమైన' అనే మాటను మూడుచోట్ల, 'నిశ్శబ్ద' అనే మాటను అయిదుచోట్ల, చివర ఉన్న 'ఓ కాలమా' పేరాను మొత్తంగా కొట్టేశాడు. కవిగారు అప్పుడు నొచ్చుకుని కూడా, పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నారు. ఇప్పుడు వేదిక మీద కూర్చుని వింటుంటే తెలిసింది. కొట్టేసినవన్నీ తను కలిపినవి. మిగిలిందంతా ఆవిడ ఆ రోజు టీకొట్టు దగ్గర చెప్పింది చెప్పినట్టు ఉంది, 'చుట్టాలొచ్చినట్టు లేచి' అనే ముక్కతో సహా. తన చేతి ముక్క ఏదైనా మిగిలిందేమోనని చెవులు రిక్కించి విన్నారు. 'నేను చూశాను' ఒక్కటి మిగిలింది.

మొదటి వరసలో టీచరు కళ్ళు తుడుచుకుంటోంది. రెండో వరసలో ఆవిడ పిన్నీసు పెట్టిన సంచి ఒళ్ళో పెట్టుకుని, సభల్లో భార్యలు కూర్చునే మొహంతో కూర్చుంది.

కవిగారు మైకు దగ్గరకొచ్చి, నిజం చెప్పేశారు. అలా అని ఆయన అనుకుంటారు. మనం కొంచెం జాగ్రత్తగా చూద్దాం. "ఈ పుస్తకంలో నేను చూసిందంటూ ఏమీ లేదు. చూసింది నా భార్య. నేను నిద్రపోయాను," అన్నారు. జనం నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఎంత వినయం అని వెనక వరసలో ఎవరో అన్నారు. కార్యదర్శి మైకు అందుకుని, కవి నిద్ర మామూలు నిద్ర కాదనీ, అది లోచూపనీ, భార్యకు ఇంత ఘనత ఇచ్చిన రచయితను తను చూడలేదనీ చెప్పాడు. మళ్ళీ చప్పట్లు. ఆవిడను లేచి నిలబడమన్నారు. నిలబడింది. కూర్చోమన్నారు. కూర్చుంది.

అప్పుడు ఇంకొక్క వాక్యం మిగిలి ఉంది. ఆ ముసలాయన రైల్వే ప్లాట్‌ఫారం మీద లేడు, ఆవిడ మాటలో ఉన్నాడు, అది ఆవిడ రచన అనే వాక్యం. మైకు మళ్ళీ కవిగారి చేతికి వచ్చింది కూడా. కానీ చప్పట్లు ఇంకా ఆగలేదు. అవి ఆగాక చెబుదామనుకున్నారు. ఆగేసరికి, ఇంత బాగా జరిగిన సభను ఇప్పుడు పాడుచేయడం మర్యాద కాదనిపించింది. అందరికీ ధన్యవాదాలు అన్నారు.

సభ ముగిశాక టీచరు వరండాలో కాచుకుని ఉంది. ఈసారి బిస్కెట్టు లేదు.

"ఆ స్టేషను ఇప్పుడు లేదమ్మా," అన్నారు కవిగారు. "ఎత్తేశారు."

ఇరవై రెండేళ్ళ రచనా జీవితంలో కవిగారు పూర్తిగా సొంతంగా కల్పించింది ఇదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి చెప్పింది ఎవరికి? ఆ లైన్లో ప్రతి స్టేషన్లోనూ దిగి, బోర్డు మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా రాసుకున్న భూగోళం టీచరుకు.

"ఎప్పుడు ఎత్తేశారు సార్?"

"పదేళ్ళయింది."

ఆమె కవిగారి మొహంలోకి చూసింది. కోపంగా కాదు. పిల్లవాడు మ్యాపులో నదిని ఎదురు కొండెక్కించినప్పుడు చూసినట్టు చూసింది. "అలాగా సార్," అంది. టిక్కెట్లు జారిపోకుండా పుస్తకానికి రబ్బరుబ్యాండు వేసుకుని, నమస్కారం చేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. కవిగారు వెనక్కి తిరిగితే ఆవిడ సంచితో నిలబడి ఉంది. అంతా వింది.

మర్నాడు ఉదయం బస్టాండుకు వచ్చేదాకా ఆవిడ మామూలు మాటలే మాట్లాడింది. టీ తాగారా, పళ్ళ సెట్టు పెట్టుకున్నారా, ఇలాంటివే. బస్సు ఎక్కబోతుండగా మాత్రం ఒక్క మాట అంది.

"నేను చెప్పిన అబద్ధాలు మిమ్మల్ని కూర్చోబెట్టి రాయించడానికండీ. నిన్న మీరు చెప్పింది ఆ పిల్లని లేపి పంపించెయ్యడానికి."

కవిగారు ఆ రోజు మాత్ర వేసుకోలేదు. పంతం పట్టి కిటికీ పక్కన తనే కూర్చున్నారు. నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని, కళ్ళు చించుకుని చూశారు. గోడ కనిపించింది. 'గోడ' అని రాశారు. తర్వాత ఇంకో గోడ. కొంచెం పొట్టిది. ఆ తర్వాత పెట్రోలు బంకు. ఇంతలో కడుపు తన పని మొదలుపెట్టింది. గ్రంథాలయం వాళ్ళు జ్ఞాపిక పెట్టి ఇచ్చిన ప్లాస్టిక్ కవరు అందుకు పనికొచ్చింది. జ్ఞాపికను ఆవిడ ముందే తీసి పక్కన పెట్టింది.

మొహం కడుక్కుని చూస్తే, ఆవిడ తన భుజం మీదుగా అదే కిటికీలోంచి చూస్తోంది. ఏదో చూసి నవ్వుకుంటోంది. కవిగారు ఆత్రంగా అటు తిరిగారు. పొట్టి గోడ.

"ఏంటది? ఏం కనిపించింది?"

"ఏం లేదండీ," అంది ఆవిడ. చీరకొంగు సర్దుకుని, నవ్వు మాత్రం ఆపుకోలేదు.

ఇల్లు చేరాక కవిగారు ఓ నిర్ణయం ప్రకటించారు. రెండో ముద్రణ అట్ట మీద ఆవిడ పేరు కూడా వేయిస్తానన్నారు. గొంతు కూడా కాస్త వణికించారు. ఆవిడ సంచి విప్పి మాసిన బట్టలు వేరు చేస్తూ, పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ టీచరమ్మకు ఉత్తరం రాయండి అంది. ఉన్నదున్నట్టు రాయండి, నన్ను చెప్పమనొద్దు, నేను చెబితే మళ్ళీ నా ఉత్తరమే అవుతుంది అంది. అది పోస్టులో పడేదాకా ఏ కిటికీలో ఏం చూసిందీ చెప్పనంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పెట్టిన షరతు ఇదొక్కటే.

అది జరిగి నాలుగు రోజులైంది. కవిగారు పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుంటున్నారు, భోజనానికి లేస్తున్నారు, మళ్ళీ కూర్చుంటున్నారు. మొదటి ఉత్తరం సత్యం గురించి వచ్చింది. సత్యం అంటే ఏమిటనే దగ్గరే నాలుగు పేజీలు అయిపోయాయి. రెండోది స్టేషన్ల గురించి వచ్చింది, జీవితంలో అందరం దాటిపోయే స్టేషన్లు. మూడోది ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని వారపత్రికకు పంపితే ఎలా ఉంటుందా అని కవిగారు ఒక్క క్షణం ఆలోచించారు. క్షణమంటే అరగంట. ఆ అరగంట సంగతి తల్చుకుని మర్నాడంతా ఆవిడ మొహం చూడలేకపోయారు. నాలుగోదాంట్లో 'అమ్మా' అని రాసి ఆగిపోయారు. అన్నిట్లోకీ అదే నయంగా ఉంది.

రాయాల్సింది పెద్ద విషయమేమీ కాదు. అమ్మా, ఆ ముసలాయన ఏ ప్లాట్‌ఫారం మీదా లేడు, ఆయన మా మామగారు, నా కళ్ళముందు లేచి నిలబడ్డాడు, నేను చూడలేదు. ఇంతే. దీంట్లో 'నేను చూడలేదు' దగ్గరకు రాగానే కవిగారి చెయ్యి ఆగిపోతోంది. అటువైపు వారపత్రిక నుంచి రెండుసార్లు కబురొచ్చింది. ఆదివారానికి ముక్క లేదు. ప్రచురణకర్తకు సోమవారానికల్లా ప్రూఫులు వెనక్కి పంపాలి, అందులో 'నేను చూశాను' ఇంకా అలాగే ఉంది. ఆవిడ రోజూ సాయంత్రం కూరగాయలకు వెళ్ళొచ్చి, సంచి దించి, ఏదో తల్చుకుని నవ్వుకుంటోంది. ఏమిటని అడిగే మొహం ఈయనకు లేదు.

చదువుతున్న బాబూ, అమ్మా, మీలో కొంతమందికైనా జీవితంలో ఇలాంటి ఉత్తరం ఒకటి రాసిన అనుభవం ఉండే ఉంటుంది. 'అమ్మా' తర్వాత ఏం రాశారు? క్షమాపణ ముందు పెట్టాలా, సంగతి ముందు పెట్టాలా? ఉన్నదున్నట్టు రాస్తే ఆ అమ్మాయికి ఇక దిగి చూసుకోవడానికి స్టేషనే ఉండదు. రాయక ఊరుకుందామా అంటే, ఎత్తేశారన్న మాటను నమ్మనట్టే ఆ చూపు చూసి వెళ్ళింది. అసలు ఉత్తరం మానేసి, బస్సెక్కి వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పడం మంచిదంటారా? తలుపు ఆమె తీస్తే మొదటి మాట ఏమనాలి? మీకేం తోచినా సరే, కాస్త ఓపిక చేసుకుని ఒక్క ముక్క రాసి పంపండి, మీకు పుణ్యముంటుంది. సోమవారం లోపల అందితే బాగుంటుంది.